గడప ముందర సున్నపు గీత

మా పాప ఆపరేషన్ రెండుసార్లు వాయిదా పడింది. రెండుసార్లూ కారణం, పాప మీది ప్రేమకొద్దీ చూసిపోవడానికి వచ్చినవాళ్ళు. ఈ మాట చదివి మా బంధువులు ఎవరూ నొచ్చుకోనక్కరలేదు. వాళ్ళు చేసింది మా వైపు ప్రతి ఇంట్లోనూ చేసేదే. ఆపరేషన్‌కు పోయే మనిషిని ముందుగా ఒకసారి కళ్ళారా చూసి, చేతిలో రెండు పండ్లు పెట్టి, తల నిమిరి రావాలి. చూడకుండా పంపిస్తే తప్పు. ఆ తప్పు ఎవరూ చేయదలచుకోలేదు. మాకు వచ్చిన చిక్కు అదే.

నేను తాలూకు కచేరీలో గుమాస్తాగా చేరి, బాగేపల్లి, చింతామణి, చిక్కబళ్ళాపురాల్లో పనిచేసి రిటైరయినవాణ్ణి. హైస్కూలు రోజులనుంచీ డైరీ రాస్తున్నాను. వాటిలో గొప్ప సంగతులేమీ లేవు. వాన పడిందా లేదా, ఇంటికి ఎవరొచ్చారు, ఏ బస్సుకు ఎక్కడికి పోయాను, ఇంట్లో ఎవరికి ఒళ్ళు బాగాలేదు, ఇంతే. పాప పుట్టాక ఆ చివరి విషయానికే పేజీలో సగం పోయేది.

పాప మాకు ఆలస్యంగా పుట్టింది. రెండువేల సంవత్సరం వచ్చిన కొత్తలో, నేను బాగేపల్లిలో ఉన్నప్పుడు. బస్టాండు వెనక వీధిలో అద్దె ఇల్లు. హైవే మీద లారీలు పోతుంటే కిటికీ చువ్వల మీద దుమ్ము పేరుకునేది. ఏడాది నిండకముందే పాపకు ముక్కు కారడం మొదలైంది. కారడం ఆగితే మూసుకుపోయేది. మూసుకుపోతే జ్వరం వచ్చేది. జ్వరం తగ్గితే చెవిలోంచి చీము వచ్చేది. మందు తాగినన్నాళ్ళు బాగుండేది. ఆపిన కొద్దిరోజులకే మళ్ళీ మొదలు.

ఎవరికీ అది జబ్బుగా కనిపించలేదు. మా సొంతూరు చాకవేలు. అక్కడినుంచి మా మేనత్త అప్పుడప్పుడూ వచ్చేది. నా చిన్నప్పుడే తల్లి పోతే నన్ను పెంచింది ఆమె. వచ్చినప్పుడల్లా నన్నే ఉదాహరణగా చూపేది.

"ముక్కు కారని బిడ్డ యాడన్నా ఉండాదా? నువ్వేమన్నా తక్కువ కారిస్తివా? మూడో క్లాసు దాకా నీ చొక్కా చేతులు అట్టకట్టుకోని ఉంటాండె. ఇప్పుడు చూడు, ఇస్త్రీ ప్యాంటేసుకోని ఆఫీసుకు పోతాండావు."

ఆమె చెప్పినట్టు వాము మూట కట్టి వాసన చూపించాం. పసుపు కొమ్ము కాల్చి పొగ పట్టించాం. డాక్టర్లు ఇచ్చిన సిరప్‌లన్నీ పోశాం. న్యుమోనియా వచ్చి ఆసుపత్రిలో పెట్టవలసి వచ్చింది, అదీ ఒకసారి కాదు.

ఒకనాడు మా ఆవిడ పొయ్యి మీద పాలు పెట్టి, మాట్లాడుతూ పక్కింట్లో ఉండిపోయింది. పాప వంటింటి గడప మీదే కూర్చుని ఆడుకుంటోంది. ఆఫీసు నుంచి వస్తున్న నాకు వీధి మలుపులోనే మాడు వాసన తగిలింది. పరుగెత్తి వచ్చేసరికి గిన్నె నల్లగా అయిపోయి ఇల్లంతా పొగ. పాప తలెత్తి, "నాయనా, ఇంట్లోకి మబ్బు వచ్చినాది" అంది. ఆమె ముఖంలో చిరాకు కూడా లేదు. ఆ బిడ్డకు వాసన తెలియదని మాకు ఆరోజే తెలిసింది. తర్వాత చాలా చిన్న విషయాలు అర్థమయ్యాయి. మల్లెపూలు ముక్కు దగ్గర పెట్టుకుని ఆడవాళ్ళు ఎందుకు కళ్ళు మూసుకుంటారని తల్లిని అడిగేది. పాడైన వాసన కొట్టే కూరను అందరం వద్దన్నా తను తినేసేది.

పాపకు ఐదేళ్ళు వస్తుండగా చింతామణికి బదిలీ అయింది. అక్కడి పిల్లల డాక్టరు ఆరునెలలు చూసి, ఒకరోజు మందు చీటీ రాయకుండా పెన్ను పక్కన పెట్టాడు. "నేను మందిస్తాను, తగ్గుతుంది, మళ్ళీ వస్తుంది. ఇది ఊరికే జలుబు కాదు. బెంగళూరుకు పోయి రక్తం చూపించండి" అన్నాడు.

బెంగళూరులో రక్తం చూశారు. అక్కడి డాక్టరమ్మ నిదానంగా, రెండుసార్లు చెప్పింది. ప్రతి మనిషి రక్తంలోనూ రోగాన్ని ఎదిరించే పదార్థం ఒకటి తయారవుతుంది. మా పాప రక్తంలో అది చాలినంత తయారుకావడం లేదు. పుట్టుకతో వచ్చిన లోటు. మేము చేసినదాని వల్ల కానీ, చేయనిదాని వల్ల కానీ రాలేదు.

"ఏం తినిపిస్తే వస్తాది మేడం?" అని మా ఆవిడ అడిగింది.

తిండితో రాదని, ఆ పదార్థాన్నే నెలనెలా నరంలోకి ఎక్కించాలని చెప్పింది డాక్టరమ్మ. అది ఎంతోమంది దానం చేసిన రక్తం నుంచి తీస్తారట. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో మా ఆవిడ హొసకోట దాటాక, "ఎవరో మొగం తెలీనోళ్ళు మన బిడ్డకు పెడతాండారు. వాళ్ళు సల్లగుండనీ" అంది.

ఆ తర్వాత నెలకొకసారి పొద్దున్నే మొదటి బస్సుకు బెంగళూరు. పాపకు కిటికీ పక్క సీటు. డ్రిప్ చుక్కచుక్కగా దిగాలి. వేగం పెంచితే బిడ్డకు చలి వచ్చి పళ్ళు కొట్టుకునేవి. అందుకని పొద్దంతా పట్టేది. తిరిగి వచ్చేసరికి దీపాలు పెట్టే వేళ దాటిపోయేది. ఖర్చు సంగతి ఇక్కడ రాయను. పెట్టగలిగాం, అంతవరకు చాలు.

డ్రిప్ మొదలైనాక న్యుమోనియా రాలేదు. కానీ ముక్కు బాగుపడలేదు. స్కాన్ తీస్తే బుగ్గ ఎముకల వెనక, కనుబొమల మధ్య ఉండే గూళ్ళన్నీ చీముతో నిండి ఉన్నాయి. ఎన్నాళ్ళుగానో గట్టిపడిన చీము. అక్కడ ఉన్నంతకాలం అదే కిందికి దిగి ఊపిరితిత్తులను పాడుచేస్తూ ఉంటుందని, అప్పటికే ఒక పక్క కొంచెం మచ్చ పడిందని, ఆ మచ్చ పెరిగితే దాన్ని మాన్పడం ఎవరి చేతా కాదని డాక్టరమ్మ చెప్పింది. ఆపరేషన్ చేసి ఆ గూళ్ళకు దారి తెరవాలి. అయితే మత్తు ఇవ్వాలంటే ఛాతీ శుభ్రంగా ఉండాలి. ఆపరేషన్‌కు ముందు నెలరోజులు బిడ్డకు జలుబు, దగ్గు, జ్వరం ఏమీ రాకూడదు. జలుబు ఉన్న మనిషి ఆమె దగ్గరికి పోకూడదు.

ఇంత స్పష్టంగా చెప్పారు. నేను డైరీలో రాసుకున్నాను. మా ఆవిడ బుర్రలో రాసుకుంది. చింతామణిలో, చాకవేలులో, మా ఆవిడ పుట్టినూరిలో మాత్రం జనం చెవిన పడింది ఒకటే మాట, పాపకు ఆపరేషనంట.

మొదటిసారి చాకవేలు నుంచి టెంపో కట్టుకుని వచ్చారు. అత్త ముందు దిగింది. వెనకాల పిల్లాజెల్లా, బ్రెడ్డు ప్యాకెట్లు, మోసంబీలు, ఎళనీళ్ళ బోండాలు. పాపను ఒళ్ళోంచి ఒళ్ళోకి మార్చుకున్నారు. పిల్లల్లో ముగ్గురికి ముక్కులు కారుతున్నాయి. మా ఆవిడ నా వైపు చూసింది, నేను ఆమె వైపు చూశాను. టెంపో కట్టుకుని వచ్చినవాళ్ళను పొమ్మనే మాట మా ఇద్దరి నోటా లేదు. నాలుగు రోజుల్లో పాపకు దగ్గు మొదలైంది. ఆసుపత్రిలో ఛాతీ మీద గొట్టం పెట్టి విని, ఇప్పుడు కాదన్నారు.

రెండోసారి తేదీ ఇచ్చినప్పుడు నేను గుమాస్తా బుద్ధి చూపించాను. ఒక అట్ట తీసుకుని స్కేలుతో గీతలు గీసి, తెలుగులోనూ కన్నడంలోనూ రాశాను. 'బిడ్డకు ఆపరేషన్ ఉన్నందున దయచేసి ఎవరూ లోపలికి రావద్దు. అన్యథా భావించవద్దు.' వీధి తలుపుకు మేకు కొట్టి తగిలించాను. బాగా కుదిరిందనుకున్నాను.

సాయంత్రం వెనక వీధి పెద్దాయన వచ్చాడు. రేషన్ కార్డు పని మీద కచేరీకి వస్తూ పరిచయమైనవాడు. అట్ట ముందు నిలబడి రెండు భాషల్లోనూ పైకి చదివాడు.

"అక్షరాలు ముత్యాలున్నట్ల ఉండాయి కదప్పా! నువ్వే రాసినావా?"

"అవునప్పా."

"రాయాల్సిందే. మన జనానికి బుద్ధి ఉండదు. బయటోళ్ళంతా వచ్చి మింద పడతారు." చెప్పులు విడిచి లోపలికి వచ్చి పాప పక్కన కూర్చున్నాడు. తుండుగుడ్డలోకి రెండు తుమ్ములు తుమ్మి, "మాకేంలే, మనం మనం ఇంటోళ్ళం" అన్నాడు.

వచ్చినవాళ్ళంతా అంతే. అట్ట చదివి మెచ్చుకున్నారు, లోపలికి వచ్చారు. అది ఇంకెవరికోసమో రాసిందని ప్రతివాళ్ళకూ నమ్మకం. ఆపరేషన్ వారం ఉందనగా పాపకు జ్వరం వచ్చింది. రెండోసారీ పోయింది.

పాప స్కూలుకు పోయిన రోజుల కంటే పోని రోజులే ఎక్కువయ్యాయి. పలకా బలపం ముందు పెట్టుకుని నోటితో గాలి పీలుస్తూ రాసుకునేది. ముక్కుతో గాలి పీల్చడం అంటే ఏమిటో ఆ బిడ్డకు తెలియదు. డాక్టరమ్మ మూడోసారి తేదీ ఇస్తూ, "ఇంకా ఆలస్యం చేస్తే ఊపిరితిత్తుల మచ్చ గురించి నేనేమీ చెప్పలేను" అంది. ఆమె ఎప్పుడూ పెద్ద మాటలు మాట్లాడదు. అందుకే ఆ మాట మా ఇంట్లోకి వచ్చి కూర్చుంది.

ఈసారి అత్త ఒక్కతే వచ్చింది, నువ్వులుండలు డబ్బాలో పెట్టుకుని. గొంతు బొంగురుగా ఉంది.

"అత్తా, నీకు జలుబు చేసినట్లుండాదే."

"ఈ వయసులో జలుబు కాక పెండ్లి చేస్తాదా? పక్కకు జరుగు. యాడుండావే తల్లీ?"

నేను పక్కకు జరగలేదు. పాప ఉన్న గది తలుపుకు అడ్డంగా నిలబడ్డాను. "ఆపరేషన్ అయ్యేదాకా పాప దగ్గరికి వద్దు అత్తా."

అత్త నన్ను పైనుంచి కిందికి చూసింది. "యేమిరా, నీ సీమిడి తుడిచిన చేతులురా ఇవి. ఇప్పుడు నీ బిడ్డను ముట్టుకుంటే మైలవుతాదా?"

"మైల కాదత్తా, డాక్టరు చెప్పినారు..."

"డాక్టరంట! సరేనయ్యా కచేరి దొరా, చాకవేలు బస్సు ఎన్ని గంటలకుండాది?"

మా ఆవిడ నీళ్ళు తెచ్చింది. అత్త చెంబు వైపు చూడలేదు. డబ్బా అరుగు మీద పెట్టి బస్టాండుకు నడిచింది. మా ఇళ్ళల్లో మనిషి నీళ్ళు తాగకుండా పోవడమంటే తిట్టిపోవడం కంటే ఎక్కువ. ఆ వారంలోనే ఆ సంగతి చాకవేలు దాటి, చేలూరు దాటి, చింతామణి పక్క పల్లెలో ఉన్న మా ఆవిడ పుట్టింటికి చేరింది.

మా బావ, అంటే మా ఆవిడ అన్న, పట్టుపురుగులు మేపే రైతు. పట్టుగూళ్ళు మార్కెట్‌లో వేసి, మోపెడ్ మీద నేరుగా మా ఇంటికి వచ్చాడు. కూర్చోలేదు.

"ముసలామెను గడప కాడ నిలబెట్టి పంపిస్తిరంట. నాకు మొగమెత్తుకోని తిరిగే పని లేకుండా చేస్తిరి. మనిషిని గడప కాడ ఆపేది మన ఇండ్లల్లో ఉండాదామ్మా?"

మా ఆవిడ పాప ముక్కు కడగడానికి కాచిన ఉప్పునీళ్ళు చల్లారుస్తోంది. గిన్నె కింద పెట్టింది.

"ఉండాదిన్నా. మన ఇంట్లోనే ఉండాది. పోయిన పంటకు నేను వస్తే నన్ను యాడ నిలబెడితివి?"

"యాడ నిలబెడితి?"

"కొట్టం కాడ. ఎనుములతో సమంగా. వదిన నాకు అన్నం యాడ పెట్టినాది?"

"కొట్టంలోనే పెట్టింటాది. అయితే?"

"నేను ఏడ్చుకుంటా పోతినా? నీళ్ళు తాగకుండా పోతినా? మా అన్న నన్ను గడప తొక్కనీలేదని ఊరంతా చెప్తినా?"

"యేంటికి చెప్తావు?" బావకు నిజంగానే ఆశ్చర్యం వేసింది. "పురుగు నాలుగో జ్వరం లేసి మేస్తాండె. యాడాడో తిరిగొచ్చిన కాళ్ళు లోపల పెడితే పాలరోగం తగిలి పంటంతా పోతాది. అది నీకు తెలీదా? నువ్వు పుట్టిందే పురుగు తట్టల మధ్య."

పట్టుపురుగు పెరిగేటప్పుడు నాలుగుసార్లు మేత మాని, కదలకుండా ఉండి, పాత పొర విడుస్తుంది. దాన్ని మా వైపు జ్వరం అంటారు. నాలుగో జ్వరం తర్వాతే పురుగు బాగా మేస్తుంది, రోగమూ అప్పుడే సులభంగా తగులుతుంది. ఆ రోజుల్లో మేపే ఇంటి గడప ముందు సున్నం చల్లి ఉంటుంది. పురుగును చంపే ఊజి ఈగ రాకుండా తలుపుకూ కిటికీలకూ నైలాన్ వల కట్టి ఉంటుంది. అల్లుడు వచ్చినా, ఆఫీసరు వచ్చినా సున్నం దగ్గర ఆగిపోతారు. ఆపినందుకు కోపం తెచ్చుకున్న మనిషిని నేను ఇంతవరకు చూడలేదు.

"పురుక్కు ఉండే మర్యాద బిడ్డకు లేదా అన్నా?" అంది మా ఆవిడ.

బావ గదిలోకి తొంగి చూశాడు. పాప చింతపిక్కలు వరసగా పేర్చుకుంటూ, నోరు తెరిచి ఊపిరి తీస్తోంది. "మామా" అని లేవబోతే, "ఉండు, ఉండు. ఆణ్ణే ఉండు తల్లీ" అని రెండడుగులు వెనక్కి వేశాడు. మోపెడ్ తీసి వెళ్ళిపోయాడు. భోజనం చేయలేదు. అత్తలాగే బావ కూడా అలిగి పోయాడనుకున్నాను.

మరుసటి రోజు పొద్దున నేను గడ్డం గీసుకుంటుండగా మోపెడ్ శబ్దం వినిపించింది. వెనక సీటుకు సున్నం మూట, ముందు నైలాన్ వల చుట్ట, హ్యాండిల్‌కు గోనెసంచి. బావ నేరుగా పనిలో దిగాడు. వీధి తలుపుకు పైనుంచి కిందివరకు వల కట్టాడు. కిటికీకి కట్టాడు. గడప ముందు గోనెసంచి పరిచి తడిపాడు. పక్కన బకెట్టు నీళ్ళు, సబ్బు పెట్టించాడు. తన ఇంట్లో అయితే బ్లీచింగ్ పౌడర్ కూడా కలుపుతాడు, కానీ అది బిడ్డ ముక్కుకు మంట పెడుతుందని మా ఆవిడ వద్దంది. చివరికి సున్నం పిడికిట్లోకి తీసుకుని, అరుగు ఈ కొసనుంచి ఆ కొసదాకా గీత పోశాడు. చెయ్యి తిరిగినవాడు. గీత ఎక్కడా వంకర పోలేదు.

నేను అట్ట తీసుకొచ్చి, "ఇది కూడా తగిలిద్దాం బావా" అన్నాను.

"అది తీసేయి బావా. దాన్ని చదివేదానికే దగ్గరికొస్తాండారు జనం."

సాయంత్రం వెనక వీధి పెద్దాయన మామూలుగా వచ్చాడు. గీత కనపడగానే కాలు గాల్లోనే ఆగింది. చెప్పులు దూరంగా విడిచి, మెడ ముందుకు చాచి చూశాడు. నేను లోపల వల వెనక ఉన్నాను. ఆయన ఎవరూ చెప్పకుండానే గొంతు తగ్గించాడు.

"మేపు పెట్టినారా యేమి? టౌన్లోనా? గుడ్లు యాడ తెస్తిరి?"

"మా ఇంటిదే గుడ్డు పెద్దప్పా. ఒకటే పురుగు" అంది మా ఆవిడ.

ఆయన వలలోంచి పాపను చూశాడు. తర్వాత తల ఊపాడు. "మేస్తాండాదా?"

"పొద్దున రెండు దోసెలు మేసినాది."

"ఆకు తక్కువ చేయొద్దు తల్లీ." అరటిపండ్లు గీతకు అవతలే, మెట్టు రాతి మీద పెట్టి, చెప్పులు వేసుకుని పోయాడు. నా అట్ట చదివి లోపలికి వచ్చిన మనిషే ఆయన.

చింతామణి చుట్టుపక్కల పురుగు మేపని ఊరు తక్కువ. టౌన్లో ఉన్నవాళ్ళకూ ఎక్కడో ఒక అన్నో, అత్తారిల్లో మేపు పెట్టే ఉంటారు. కాబట్టి ఎవరికీ విడమరచి చెప్పనక్కరలేకపోయింది. బావ కూడా మార్కెట్లో కనపడినవాళ్ళకల్లా, "మా చెల్లెలింట్లో నాలుగో జ్వరం లేసినాది, ఎవరూ లోపలికి పోవద్దండప్పా" అని చెప్పి పంపేవాడు. జనం రావడం మానలేదు. గీత దాకా వచ్చేవాళ్ళు. అక్కడ నిలబడి వలలోంచి పాపతో మాట్లాడేవాళ్ళు. పాపకు ఇది భలే ఆటగా ఉండేది. ఎవరైనా కాలి బొటనవేలు గీత దగ్గరికి తెస్తే లోపలినుంచి కేకపెట్టేది.

ఆపరేషన్ దగ్గర పడింది. ఒక మధ్యాహ్నం అత్త వచ్చింది. నేను ఇంట్లోనే ఉన్నాను. ఆమె నన్ను చూడలేదు. గీత దగ్గర ఆగి, వంగి, సున్నం వేలితో అద్దుకుని చూసింది.

"తడి తగిలిన సున్నం ఇది. రేపు మార్పించు" అంది మా ఆవిడతో. తర్వాత వల వైపు తిరిగి, "యేమే పురుగా, ఎట్లుండావు?"

"అవ్వా, గీత దాటినావంటే మామ తిడతాడు!"

"మీ మామ పుట్టకముందే నేను మేపు పెట్టినదాన్ని. నాకు చెప్పొచ్చినావా?" అంటూనే ఆమె గీతకు అవతల రాతి మీద కూర్చుంది. పాప పాఠం అప్పజెప్పింది. అత్త అంతా విన్నది. ఎండ రాతి మీదికి వచ్చినప్పుడు కొంచెం పక్కకు జరిగింది, అంతే.

మా ఆవిడ చెంబుతో నీళ్ళు తీసుకుపోయింది. నేను తలుపు వెనకనుంచి చూస్తున్నాను. అత్త చెంబు ఎత్తి గటగటా తాగింది. మూతి తుడుచుకుని, అప్పుడు నన్ను పిలిచింది.

"ఒరే, ఈ గీత మొదలే గీసింటే నాకు కోపమేంటికి వస్తాదిరా? మనిషి అడ్డం నిలబడితే కోపమొస్తాది. సున్నం అడ్డముంటే ఎవురికొస్తాది?"

అత్త లేచి, తట్టలో తెచ్చిన సీతాఫలాలు రాతి మీద పెట్టి, ఐదు గంటల బస్సుకు పోయింది.

బెంగళూరులో ఆ ఉదయం డాక్టరమ్మ పాప వీపు మీద గొట్టం పెట్టి ఇటూ అటూ మార్చి విన్నది. మా ఆవిడ నా మోచేతిని పట్టుకుంది. "క్లియర్‌గా ఉంది, తీసుకుపోండి" అన్నది డాక్టరమ్మ. ఆ మాటకు సంతోషపడడానికి కూడా మాకు వ్యవధి లేదు. బిడ్డను అప్పుడే లోపలికి తీసుకుపోయారు.

ఆపరేషన్ బాగా జరిగింది. ఆ తర్వాతి వారాలు బాగాలేవు. ముక్కులో గడ్డకట్టిన నెత్తురు, పొక్కులు. రోజూ కాచి చల్లార్చిన ఉప్పునీళ్ళతో కడగాలి. పాప గింజుకునేది, తల్లి చేతిని కొరికేది కూడా. జబ్బు పోలేదు. రక్తంలోని లోటు పుట్టుకతో వచ్చింది, అది ఆపరేషన్‌తో పోయేది కాదు. నెలనెలా డ్రిప్ అలాగే ఉంది. జలుబులూ వచ్చాయి. కాకపోతే వచ్చిన జలుబు పోవడం మొదలైంది. కొంతకాలానికి స్కాన్‌లో ఊపిరితిత్తుల మచ్చ పెరగలేదని చెప్పారు. మేము కోరుకున్నది అదే. వాసన సంగతి డాక్టరమ్మను అడిగితే, "రావచ్చు, రాకపోవచ్చు" అంది. ఇంట్లో ఎవరమూ ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

చిక్కబళ్ళాపురం జిల్లా అయిన కొత్తలో అక్కడికి బదిలీ అడిగి వేయించుకున్నాను. బెంగళూరు దగ్గరని, బస్సు ప్రయాణం తగ్గుతుందని. సున్నపు గీత మాతోపాటు వచ్చింది. ఊళ్ళో జ్వరాలు తిరిగినప్పుడల్లా మా ఆవిడ గడప ముందు పోసేది, తగ్గాక కడిగేసేది. కొత్త వీధివాళ్ళు మొదట్లో ముగ్గు వేయడం రాదేమో అనుకున్నారు. పాప స్కూలుకు పోయింది. మొదటి ఏడాది చివర హాజరు చాలినన్ని రోజులు వచ్చింది.

ఆ వేసవి సెలవుల్లో బావ ఇంటికి పోయాం. ఆటో దిగేసరికి గడప ముందు సున్నం, తలుపుకు వల. పాప ఎవరూ చెప్పకముందే ఆగింది. చెప్పులు విడిచి, తొట్టి దగ్గర కాళ్ళు కడుక్కుని, గీత ఇవతల నిలబడింది.

"మామా! ఎన్నో జ్వరం?"

"నాలుగోది లేసినాది తల్లీ. ఆణ్ణే ఉండు."

పురుగులు ఆకు మేసే చప్పుడు బయటికి వినిపిస్తోంది, సన్నటి వాన పడుతున్నట్టు. పాప వలకు ముఖం దగ్గరగా పెట్టి లోపలికి చూసింది. చూస్తూ చూస్తూ గబుక్కున వెనక్కి వచ్చింది. చూపుడువేలితో, బొటనవేలితో ముక్కు గట్టిగా మూసుకుంది.

"ఛీ! ఇదేంది మామా, మీ ఇల్లు ఇట్లుండాది?"

పట్టుపురుగులు మేపే ఇంటి వాసన తెలిసినవాళ్ళకు తెలుసు. ఆకు కుళ్ళు, పురుగు పెంటికలు, సున్నం, అన్నీ కలిసి గొంతులో పట్టుకుంటుంది. మా ఆవిడ ఆ వాసనలో పుట్టింది కాబట్టి ఆమెకు తగలదు. నాకు పెళ్ళయిన నాటినుంచీ తగులుతూనే ఉంది, మర్యాదకు చెప్పలేదు. పాప ఆ ఇంటికి పుట్టిన ఏడాదినుంచీ వస్తోంది. ఇంతకుముందు ఎన్నడూ ముక్కు మూసుకోలేదు.

మా ఆవిడ చేతిలోని సంచి కింద పెట్టింది. "ఏమన్నావు? మళ్ళీ చెప్పు" అంది.

"కంపు కొడతాండాది మా" అంది పాప, ముక్కు వదలకుండా.

బావ వల పక్కకు తీసి బయటికి వచ్చాడు. చేతుల నిండా మల్బరీ ఆకు. పాపను చూశాడు, చెల్లెల్ని చూశాడు. ఆకు గోనె మీద పోసి నవ్వడం మొదలుపెట్టాడు.

"తిట్టు తల్లీ. బాగా తిట్టు. ఈ ఇంటికి వంక పెట్టేదానికి ఇన్నాళ్ళకు ఒక మనిషి వచ్చినాది."

పాపకు మేమంతా ఎందుకు నవ్వుతున్నామో అర్థం కాలేదు. ముక్కు మూసుకునే నిలబడింది. బావ భార్య అన్నాలు కొట్టంలో వడ్డించింది. లోపల పురుగు మేస్తూ ఉంది కాబట్టి మేము గీతకు ఇవతలే కూర్చుని తిన్నాం. పెరుగు పులిసిన వాసన వస్తోందని పాప వేసుకోలేదు.